మూత కొలత

ఆగస్టు 3, సోమవారం

చిరంజీవి అల్లుడికి, అత్తయ్య దీవించి రాస్తున్నది.

నీ నడుం నొప్పి ఎలా ఉంది? షాపుల్లో కాటా బాగుచెయ్యమంటే బాగుచెయ్యి, దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టే పని వాళ్ళకే వదిలెయ్. పెద్దదానికి ఆ కదిలే పన్ను ఊడిందా? నాలికతో తోసుకుంటూ కూర్చోవద్దని చెప్పు. చిన్నదానికి దగ్గు తగ్గిందా? పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళు తాగించు. హాస్టల్లో అమ్మాయికి నిద్ర పడుతోందా? మీ మేడమీద మాస్టారుగారి కాలి కట్టు విప్పారా? ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా రాయి. 'అందరం కులాసా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరి సంగతో దాస్తున్నావనుకుంటాను. నేను బాగానే ఉన్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటంటావు. ఫోన్లో సగం వినపడదు, వినపడిన సగం కంగారులో మర్చిపోతాను. కాగితమైతే దిండు కింద పెట్టుకుని పదిసార్లు చదువుకోవచ్చు. నువ్వు అని రాస్తున్నానని ఏమీ అనుకోకు నాయనా. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, 'మీరు' అని రాయడం మొదలెడితే నా చెయ్యి పడిపోతుంది.

అమ్మాయి ట్రైనింగుకి వెళ్ళి వారమైంది. ఈ రెండు నెలలూ గడిచి పరీక్ష గట్టెక్కితే వార్డు మొత్తానికి పెద్ద నర్సు అవుతుంది. పోయినసారి మీ మామగారికి జబ్బు చేసిందని సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆయన పోయారు, అమ్మాయి మాత్రం చేజారిన అవకాశం గురించి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను తినేస్తోంది. మూడోసారి ఎవరూ పిలవరు. అందుకని ఈసారి నీ ఇంట్లో గానీ నా ఇంట్లో గానీ ఏ లోటూ దాని చెవిన పడకూడదు. పిల్లలు పస్తులున్నారని తెలిసిందా, మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఉంటుంది.

నువ్వు ఆరింటికి ఇంటికొచ్చి ఏం వండాలని అడిగావు. కంగారు పడకు. కొట్లో దొరికేవి చాలు. ఉల్లిపాయలు, టమాటాలు, గుడ్లు, బంగాళాదుంపలు, పప్పు, పాలు, బ్రెడ్డు. ఇవి ఉంటే వారం గడిచిపోతుంది. మొదటిరోజుకి ఇది చెయ్యి. ఉల్లిపాయలు పొద్దున్నే తరిగి మూతపెట్టి పో. సాయంత్రం వాటిని నూనెలో వేయించి, నాలుగు టమాటాలు వేసి మెత్తగా అయ్యేదాకా ఉంచి, కొంచెం ఉప్పూ కారం వేసి, గుడ్లు కొట్టి పొయ్యి. కలపకు, పైన మూత పెట్టు. అదే గట్టిపడుతుంది. పక్క పొయ్యి మీద అన్నం. బియ్యం కొలత మన ఇంటి పద్ధతే, డబ్బాలో మూత వేసి ఉంటుంది చూడు. నాకైతే ఒక్క మూత. నువ్వు మగాడివి, కష్టం చేసేవాడివి, నీకు రెండు, పిల్లలకి చెరొకటి.

అన్నిటికన్నా ముఖ్యం, స్టవ్ ఆపావో లేదో మూడుసార్లు చూడు. ఆపిన తర్వాత చూడు, తిన్న తర్వాత చూడు, పడుకునే ముందు చూడు.

మీ మేలు తప్ప వేరే ధ్యాస లేని
అత్తయ్య


ఆగస్టు 8, శనివారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే విడివిడిగా రాస్తున్నాను. నా నడుము పర్వాలేదు. పెద్దదాని పన్ను బుధవారం ఊడింది, అగ్గిపెట్టెలో దాచుకుంది. చిన్నదాని దగ్గు తగ్గింది, ప్రశ్నలు తగ్గలేదు. దానికి మేడమీద మాస్టారుగారు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు. మాస్టారుగారి కట్టు ఇంకా విప్పలేదు. మీ అమ్మాయికి నిద్ర పడుతోందట, హాస్టల్ తిండి గురించి మాత్రం మాట మార్చేసింది.

గుడ్లు బాగా కుదిరాయి. అన్నం దగ్గరే గొడవైంది. మీరన్నట్టు నాలుగు మూతలు పోశాను. అది గిన్నె మూతని లేపుకుని బయటికొచ్చింది. ఎందుకమ్మ కుర్చీ ఎక్కి, 'నాన్నా, అన్నం ఎందుకు పారిపోతోంది?' అని అడిగింది. ముగ్గురం తిన్నాక మూడొంతులు మిగిలింది.

ఇంకొక్క మాట. 'కొంచెం ఉప్పు' అన్నారు. కొంచెం అంటే ఎన్ని గ్రాములు? నా పని మీకు తెలుసు కదా, కొట్లవాళ్ళ కాటాల్లో రెండు గ్రాముల తేడా పట్టుకుని తిరిగేవాడిని. నాకు 'కొంచెం' అనే రాయి ఎక్కడా దొరకలేదు.

స్టవ్ మూడుసార్లు చూశాను.

మీ అల్లుడు


ఆగస్టు 12, బుధవారం

చిరంజీవి అల్లుడికి దీవెనలు. నువ్వూ, పెద్దదీ, ఎందుకమ్మా, మేడమీద మాస్టారుగారూ క్షేమమని తలుస్తాను. ఆయన కట్టు ఇన్నాళ్ళు ఉంచడమేమిటి? డాక్టరు మర్చిపోయాడేమో కనుక్కోమను.

నీ ఉత్తరం చదివి నా గుండెల్లో రాయి పడింది. నాలుగు మూతల అన్నంలో మూడొంతులు మిగిలిందా? అంటే ముగ్గురూ కలిసి ఒక్క మూత తిన్నారా! నవ్వుతూ రాశావు గానీ నాయనా, నాకు నవ్వు రాలేదు. తల్లి లేని ఇంట్లో పిల్లలు బెంగతో తిండి మానేస్తారు. పైకి ఆడుకుంటూనే ఉంటారు. వాళ్ళ అమ్మ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు వేయించుకున్న కొత్తలో పెద్దది ఇలాగే చేసింది, నీకు గుర్తుందో లేదో.

ఉప్పు సంగతి. మూడువేళ్ళతో పట్టు. అదే కొంచెం. నీ వేళ్ళు లావు కాబట్టి రెండువేళ్ళతో పట్టు. వేసి రుచి చూడు, చాలకపోతే మళ్ళీ వెయ్యి. నాలిక కన్నా పెద్ద కాటా నీ దుకాణాల్లో కూడా ఉండదు.

పిల్లలకి బంగాళాదుంపలు పెట్టి చూడు. ఆదివారం ఆరు దుంపలు ఉడకబెట్టి తొక్కతోనే ఫ్రిజ్జులో పెట్టుకో, మూడు రోజులు నీకు దిగులుండదు. సోమవారం రెండు చిదిమి, కాసిని పాలు, చిటికెడు మిరియాలపొడి, ఉప్పు వేసి పెనం మీద అటూ ఇటూ ఎర్రగా కాల్చు. బ్రెడ్డు మధ్యలో పెట్టి ఇస్తే అన్నం మొహం చూడనివాళ్ళు కూడా తింటారు. ఉడకబెట్టేటప్పుడు మాత్రం పక్కనే నిలబడు. దుంపలు పొయ్యి మీద పెట్టి ఎక్కడికీ కదలకు. ఫోన్ మోగితే మోగనీ, తలుపు కొడితే కొట్టనీ. నీళ్ళు ఇగిరిపోవడం మనకి కనపడదు.

కింద షాపు టైలరమ్మ నా లంగాలకి కొత్త నాడాలు ఎక్కించింది. ఆవిడ మిషను పొద్దుటినుంచి అయిదింటిదాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు ఉంటే నాకు ధైర్యం. నేను బాగానే ఉన్నాను.

స్టవ్ మర్చిపోకు.

నిమిషం నిమిషం మీకోసమే దిగులుపడే
అత్తయ్య


ఆగస్టు 17, సోమవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

మాస్టారుగారి కట్టు విప్పారు. డాక్టరు మర్చిపోలేదు, మాస్టారుగారే వెళ్ళడం మర్చిపోయారు.

దుంపల బ్రెడ్డుకి పిల్లలు ప్రాణం పెట్టారు. పెద్దది బడికి కూడా కట్టించుకుని వెళ్ళింది. పప్పూ, పాలకూర, బియ్యం ఒకే కుక్కర్లో వేసి మూడు కూతలు రానిచ్చాను. ఇది నేనే కనిపెట్టాననుకున్నాను. మీ అమ్మాయి ఫోన్లో నవ్వి, 'మా అమ్మ నన్ను పెంచిందే దాంతో' అంది. అలిసిపోయి ఇంటికొచ్చిన రోజు ఆ ఒక్క గిన్నె తోముకుంటే చాలు కదా అని అప్పుడు అర్థమైంది. బియ్యం రెండు మూతలకి తగ్గించాను. అయినా సగం మిగులుతోంది. కంగారు పడకండి, అందరం కడుపునిండా తింటున్నాం.

మీ అమ్మాయి ఆ చిన్న స్టీలు గిన్నె ఎక్కడుందని మిమ్మల్ని అడిగితే, మీకు తెలియదని చెప్పండి. ప్రస్తుతానికి ఆ గిన్నె గురించి ఎవరూ మాట్లాడకపోవడం మంచిది.

ఎందుకమ్మ నా పక్కన కూర్చుని మీ ఉత్తరాలు చదివించుకుంటోంది. దాని ప్రశ్న దాని మాటల్లోనే రాస్తున్నాను. 'అమ్మమ్మ మనకి అన్నీ చెప్తుంది, తనేం తిందో ఎందుకు చెప్పదు?'

మీ అల్లుడు


ఆగస్టు 21, శుక్రవారం

అల్లుడికి,

నువ్వు కులాసా, పిల్లలు కులాసా అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. రెండు మూతల్లో సగం మిగిలిందా? ముగ్గురికీ కలిపి ఒక మూత! నాయనా, ఈ సంగతి నేను టైలరమ్మకి కూడా చెప్పలేకపోయాను, చెబితే ఆవిడ ఏమనుకుంటుంది?

నిజం చెప్పు. బయట తినిపిస్తున్నావా? పని నుంచి అలిసిపోయి వచ్చి, వాళ్ళకి ఏ బిస్కెట్ల పొట్లమో చేతిలో పెట్టి, నా దగ్గర మాత్రం దుంపలూ పప్పూ అని కథలు రాస్తున్నావా? తిట్టడానికి అడగడం లేదు. వంట నీకు చేతకాకపోతే చేతకాదను. నేనొచ్చి వండి పెట్టలేను గనక కదా ఈ రాతలన్నీ. నిన్న అమ్మాయికి ఉత్తరం రాశాను, పిల్లలు తినడం లేదని. రాసి, కవరు అంటించి, మళ్ళీ అది ట్రైనింగ్ వదిలేసి రావడం కళ్ళముందు కనపడి, తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచేశాను. అది అక్కడ ఉందంటే నాకు కుదురు లేదు. కాలు కాలిన పిల్లిలా రెండు గదుల్లోనే తిరుగుతున్నాను.

ఎందుకమ్మకి చెప్పు, ముసలిదాని తిండిలో చెప్పేందుకేముంటుందని. ఏదో తింటాను. నేను బాగానే ఉన్నాను.

ఏం కూర వండాలో ఈసారి రాయను. ముందు నువ్వు నిజం రాయి.

అత్తయ్య

స్టవ్ చూడు.


ఆగస్టు 25, మంగళవారం

అత్తయ్యగారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ బాధ కలిగింది. పెళ్ళయిన పదమూడేళ్ళలో మీకు నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. గిన్నె సంగతి దాచాను, అది వేరే.

మాటలతో మీరు నమ్మరు కాబట్టి నిన్న ఒక పెద్ద కొట్టులో కాటా సరిచేసి, కొట్టాయన్ని అడిగి, పిల్లలిద్దరినీ దాని మీద నిలబెట్టాను. పెద్దది ముప్పై ఒక్క కిలోల రెండొందల గ్రాములు. మీ అమ్మాయి వెళ్ళిన రోజు ముప్పై కిలోల నాలుగొందలు. ఎందుకమ్మ పద్ధెనిమిది కిలోల నూట యాభై, అప్పుడు పదిహేడున్నర. తిండి మానేసిన పిల్లలు నెల్లాళ్ళలో ఇలా బరువెక్కరు. ఆ కాటా ఎంత నిఖార్సయిందో నేను హామీ ఇస్తాను.

కాబట్టి పిల్లల్లో తప్పు లేదు, నా వంటలోనూ లేదు. కొలతలో ఎక్కడో తేడా ఉంది. మీ దగ్గర పెన్సిల్ ఉంటే ఒక పని చెయ్యండి. మీ బియ్యం డబ్బాలో మూతని ఈసారి ఉత్తరం మీద బోర్లించి చుట్టూ గీత గీసి పంపండి. లోతు ఎంతో కూడా రాయండి. కంటికి చిన్నగా కనపడే తేడాల మీదే నేను పదహారేళ్ళుగా బతుకుతున్నాను.

ఆ కవరు దయచేసి పోస్టు చెయ్యకండి. పరీక్ష సెప్టెంబరు పదిహేడున.

మీ అల్లుడు


ఆగస్టు 29, శనివారం

చిరంజీవి అల్లుడికి, అత్తయ్య దీవెనలు.

నీ నడుమెలా ఉందని కూడా అడగకుండా పోయిన ఉత్తరంలో నోరు పారేసుకున్నాను. నా నోటికి భయం ఎక్కువ నాయనా, చెడ్డతనం లేదు. పిల్లల బరువులు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. టైలరమ్మని పిలిచి చదివించాను కూడా, నేను చూసిన అంకెలు సరైనవేనా అని. ఆవిడ తన టేపు తీసి, 'మీ అల్లుడు కాటాతో చూస్తాడు, నేను టేపుతో చూస్తాను. మీరు మాత్రం మనసుతో కొలిచి చస్తున్నారు' అంది. దాని మొహం. కవరు పోస్టు చెయ్యలేదు.

అయితే ఒక్క మూత అన్నం తిని బరువెలా పెరిగారో నాకు అంతుబట్టడం లేదు.

మూతని ఉత్తరం అడుగున గీశాను. పెన్సిల్ జారి ఒకచోట వంకర పోయింది, అది మూత వంకర కాదు. లోతు నా చిటికెనవేలు మొదటి గణుపు దాకా కూడా లేదు, గోరుకన్నా కాస్త ఎక్కువ. ఇది కాఫీపొడి డబ్బా మూత. నాలుగేళ్ళుగా ఇదే వాడుతున్నాను. నేను బాగానే ఉన్నాను.

సాయంత్రానికి సేమియా ఉంటే మంచిది. ఉల్లిపాయా క్యారెట్టూ సన్నగా తరిగి వేయించి, రెండు గ్లాసుల నీళ్ళు మరగనిచ్చి, సేమియా పొయ్యి. పావుగంటలో అయిపోతుంది. పిల్లలకి చివర్లో ఒక గుడ్డు కలుపు.

స్టవ్ ఆపాక మీట మీద చెయ్యి పెట్టి చూడు. కంటిని నమ్మకు.

అత్తయ్య


సెప్టెంబరు 2, బుధవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు గీసిన గీత అందింది. దాన్ని కత్తిరించి, అట్టముక్కతో అంతే వెడల్పు, మీరు చెప్పిన లోతుతో ఒక మూత తయారుచేశాను. పెద్దది దానికి జిగురు అంటించింది. అందులో అంచుకి సమంగా తలకొట్టి బియ్యం పోసి పని దగ్గర వాడే కాటా మీద పెట్టాను. ముప్పై ఒక్క గ్రాములు.

మా డబ్బాలో ఉన్న మూత పెద్ద పాలపొడి డబ్బాది. రెండొందల గ్రాములు పడుతుంది. మీ అమ్మాయిని ఫోన్లో మాటవరసకి అడిగాను, ఈ మూత ఎక్కడిదని. పెళ్ళయ్యాక మీరే మీ డబ్బాలోంచి తీసి ఇచ్చారట, 'ఇల్లు గడవాలంటే కొలత తెలియాలి' అని. అదీ జరిగింది. మీరు మీ మూతతో చెప్పారు, నేను మీరిచ్చిన మూతతో వండాను. మేము మిగిల్చామని మీరు ఏడ్చిన అన్నం, మీ లెక్కలో ఆరేడు మూతలు తిన్నాక మిగిలింది.

ఇక్కడితో లెక్క తేలింది, నవ్వుకుని ఊరుకోవాలి. కానీ నాకు నవ్వు రాలేదు. అట్టమూత ఇంకా బల్లమీదే ఉంది. 'నాకైతే ఒక్క మూత' అని మీరు మొదటి ఉత్తరంలో రాశారు. ముప్పై ఒక్క గ్రాములు అత్తయ్యా. ఎందుకమ్మ ఒక పూటకి దానికి రెట్టింపు తింటుంది.

మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి మళ్ళీ చదివాను. పిల్ల అడిగింది నిజమే. ఒక్క ఉత్తరంలో కూడా మీరు రాత్రికి ఏం తిన్నారో లేదు. ప్రతి ఉత్తరంలోనూ 'నేను బాగానే ఉన్నాను' ఉంది. ప్రతి ఉత్తరంలోనూ స్టవ్ ఉంది.

ఏం తింటున్నారు? ఎందుకు తినడం లేదు? నాకు చెప్పండి. మీ అమ్మాయికి నేను చెప్పను. అది నా మాట.

మీ అల్లుడు


సెప్టెంబరు 6, ఆదివారం

నాయనా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. నిన్న రాద్దామని కూర్చుని లేచిపోయాను. ఈ రోజు మిషను చప్పుడు లేదు, ఆదివారం కదా, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. అందుకే రాసేస్తున్నాను.

ఏప్రిల్లో ఒక సాయంత్రం దుంపలు ఉడకబెట్టాను. జాకెట్టు గుండీ ఊడిందని కిందకి వెళ్ళాను. టైలరమ్మ గుండీ కుట్టింది, కుట్టి కబుర్లు మొదలెట్టింది, నేనూ కూర్చున్నాను. దుంపలున్నాయన్న సంగతి పూర్తిగా పోయింది. కొంచెం కూడా గుర్తు రాలేదు, అదే భయం నాకు. గుర్తుండి ఆలస్యం చెయ్యడం వేరు. వాసన ఆవిడకే ముందు తగిలింది. మెట్లెక్కి వచ్చేసరికి గది నిండా పొగ. గిన్నె బొగ్గులా అయింది, పట్టకారు పిడి కరిగి స్టవ్ మీద అంటుకుంది. ఆవిడ తడిగుడ్డ పెట్టి ఆపేసింది. కిటికీ తెర అంచు కాలింది. ఆ తెర ఆవిడే కత్తిరించి కొత్త అంచు కుట్టింది, ఎవరికీ తెలియకుండా. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను.

ఆరోజునుంచి ఆవిడ షాపు మూసి వెళ్ళాక స్టవ్ వెలిగించడం మానేశాను. పొద్దున్న మిషను చప్పుడు వినపడుతుండగా ఒక్క మూత బియ్యం పడేస్తాను. సగం అప్పుడు తింటాను, సగం సాయంత్రానికి పెరుగులో. ఒక్కోరోజు పాలూ బ్రెడ్డూ. రెండు మూతలు పోస్తే ఎక్కువసేపు ఉడకాలి, ఎక్కువసేపు స్టవ్ దగ్గర భయపడాలి. ఆకలి లేదనలేను. మొదట్లో ఉండేది, తర్వాత అదీ అలవాటుపడి ఊరుకుంది.

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే అమ్మాయి వచ్చేస్తుంది. మీ మామగారికోసం ఒకసారి వదిలేసింది, నాకోసం మళ్ళీ వదిలేస్తుంది. రెండో భయం ఇంకా చిన్నది, చెప్పుకోడానికి సిగ్గు. నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, వంటింట్లోకి రావొద్దంటారు. ప్రేమతోనే అంటారు. కత్తి అందుకుంటే చేతిలోంచి తీసుకుంటారు. అరవై ఏళ్ళు నలుగురికి వండిన చెయ్యి నాయనా. అది ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నాకు రాదు.

నువ్వు వంట అడిగినప్పుడు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. సాయంత్రం పూట కూర్చుని నీకు ఉల్లిపాయలు వేయించు, టమాటాలు వెయ్యి అని రాస్తుంటే నేనే వండినట్టుండేది. రాసేసి కడుపు నిండినట్టు పడుకునేదాన్ని.

ఇంతే. ఇంక నా దగ్గర దాచిందేమీ లేదు. నువ్వు ఏం చేసినా ఆ పదిహేడో తారీఖు దాటాకే చెయ్యి.

అత్తయ్య


సెప్టెంబరు 10, గురువారం

అత్తయ్యగారికి,

పిల్లలు నిద్ర లేవకముందే కూర్చుని రాస్తున్నాను. ఇది వాళ్ళకి చదివి వినిపించే ఉత్తరం కాదు.

ముందు స్టీలు గిన్నె సంగతి. ఆగస్టు పద్నాలుగున అందులో ఆరు గుడ్లు ఉడకబెట్టి, ఎందుకమ్మకి బూటు ముడి వెయ్యడం నేర్పుతూ కూర్చున్నాను. నీళ్ళు మొత్తం ఇగిరిపోయి గుడ్లు పేలాయి. ఒకటి పైకప్పుకి అంటుకుంది, మరక ఇంకా ఉంది. పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు, నేను పరిగెత్తి స్టవ్ ఆపాను. నాకు నలభై ఒకటి, అత్తయ్యా. రెండు గ్రాముల తేడా పట్టుకునేవాడిని. నేనూ మర్చిపోయాను. గుర్తు కూడా రాలేదు. మీరు పొయ్యి పక్కనుంచి కదలొద్దని రాసిన ఉత్తరం అప్పటికి నా జేబులోనే ఉంది.

నేను వెంటనే మర్నాడు మళ్ళీ స్టవ్ వెలిగించాను. ధైర్యంతో కాదు, పిల్లలకి ఆకలేసి. మీ ఎదురుగా ఆకలని అడిగేవాళ్ళు లేరు, అంతే తేడా.

మీ అమ్మాయికి నేను చెప్పను, మాటిచ్చాను. కానీ మీరు చెప్పాలి, పరీక్ష అయ్యాక, మీ నోటితో. తను మొదట భయపడుతుంది, తర్వాత కోప్పడుతుంది, తర్వాత అన్నం కలుపుకుని మీ పక్కన కూర్చుంటుంది. మీ కూతురిని నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. కుర్చీలో కూర్చోబెట్టే పని మా ఇంట్లో ఎవరూ చెయ్యరు. నాకు ఇంకా నేర్చుకోవాల్సిన వంటలు చాలా ఉన్నాయి.

అందాకా ఒక్కటి అడుగుతాను. టైలరమ్మ అయిదింటిదాకా ఉంటారు కదా. నాలుగున్నరకి ఆవిడని పైకి పిలిచి, ఒక్కరోజు స్టవ్ వెలిగించి చూడండి. ఒక్కరోజే. తిప్పితే టైముకి గంట కొట్టే చిన్న గడియారం ఒకటి నేను పనిలో వాడతాను, దాన్ని తెచ్చి మీ స్టవ్ పక్కన బిగిస్తాను. మూడుసార్లు చూడక్కర్లేదు, అదే అరుస్తుంది.

పరీక్ష గురువారం. శుక్రవారం రాత్రికి మీ అమ్మాయి ఇంటికొస్తుంది. శనివారం, పంతొమ్మిదో తారీఖు, మేము నలుగురం మీ దగ్గరికి రావాలనుకుంటున్నాం. మీకు వీలేనా?

మీ అల్లుడు


సెప్టెంబరు 14, సోమవారం

చిరంజీవి అల్లుడికి అత్తయ్య దీవెనలు.

నీ నడుం ఎలా ఉంది? పెద్దదానికి కొత్త పన్ను కనపడుతోందా? ఎందుకమ్మకి బూటు ముడి వచ్చిందా, ఆ గుడ్ల గోలలో పాఠం ఆగిపోయిందా? మాస్టారుగారు కర్ర లేకుండా నడుస్తున్నారా? అమ్మాయి పరీక్షకి ముందురోజు తలంటుకుని జుట్టు ఆరకుండా పడుకుంటుంది, వద్దని ఫోన్లో చెప్పు. నేను చెప్పానని చెప్పకు.

నేను బాగానే ఉన్నాను అని రాసే ముందు కాసేపు ఆగాను. ఇవాళ అది నిజమే.

నిన్నంతా నాలో నేను దెబ్బలాడుకుని, ఇవాళ నాలుగున్నరకి టైలరమ్మని పిలిచాను. మెడలో టేపు తియ్యకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది. 'లోపలికి రా' అంటే, 'నేను వస్తే నా చేతికి గరిటె ఇస్తారు, ఇక్కడే ఉంటా' అంది. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోది వెలిగింది. పప్పూ, పాలకూరా, బియ్యం అన్నీ ఒకే గిన్నెలో. మూతతో ఎన్ని పోశానో చెబితే నువ్వు నవ్వుతావు, లెక్కపెట్టలేదు. నువ్వు చెప్పిన పిల్లదాని లెక్క గుర్తొచ్చి పోస్తూనే ఉన్నాను. ఉడికినంతసేపూ పక్కనే నిలబడ్డాను, ఆవిడ గుమ్మంలో నిలబడి తన మరదలి మీద చాడీలు చెప్పింది. ఆపాను. మీట మీద చెయ్యి పెట్టి చూశాను. ఆవిడ కూడా చూసింది. ఇద్దరం వేడివేడిగా తిన్నాం. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. నేనూ వడ్డించుకున్నాను. ఇది ఎందుకమ్మకి చదివి వినిపించు, దాని ప్రశ్నకి జవాబు.

బియ్యం డబ్బాలో ఉన్న ఆ కవరు చింపేశాను. అమ్మాయికి చెప్పాల్సింది నోటితోనే చెబుతాను. భయంగానే ఉంది. ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు, కాలిన తెర చూపించి మొదలెడతాను. అది కోప్పడేటప్పుడు నువ్వు మధ్యలో మాట్లాడకు. కోప్పడనీ. నువ్వు గడియారం బిగించుకుంటూ ఉండు.

ఇంట్లో ఉల్లిపాయలున్నాయి, దుంపలున్నాయి, గుడ్లు శుక్రవారం తెప్పిస్తాను. టమాటాలు మీరు తెండి, ఇక్కడివి పచ్చిగా ఉన్నాయి. వంట నేనే చేస్తాను. నువ్వు ఉల్లిపాయలు తరుగు, పెద్దది దుంపలు ఒలుస్తుంది, టైలరమ్మ శనివారం అయిదయినా వెళ్ళనంది, కాబట్టి ఆరుగురం. వచ్చేటప్పుడు ఆ పెద్ద మూత మర్చిపోకుండా పట్టుకురా. ఆరుగురికి నా మూతతో కొలుస్తూ కూర్చుంటే తెల్లారుతుంది.

శనివారం, సెప్టెంబరు పంతొమ్మిది. సాయంత్రం నాలుగున్నరకల్లా వచ్చెయ్యండి. మీరొచ్చాకే వెలిగిస్తాను.

అత్తయ్య